సంచి నింపి చూశారా? పిల్లల మూత్రాశయ గాయాల్లో స్కానింగ్ ఏం చెప్పగలదు

చెట్టు మీద నుంచి జారిపడ్డ పిల్లవాడికో, ఆటో బోల్తాపడి దెబ్బ తగిలిన పాపకో పొట్ట స్కానింగ్ (అల్ట్రాసౌండ్) చేయిస్తే వచ్చే కాగితంలో తరచుగా ఒక వాక్యం ఉంటుంది: కటి భాగంలో (పొత్తికడుపు అడుగున) కొద్దిగా ఫ్రీ ఫ్లూయిడ్ (అవయవాల బయట చేరిన ద్రవం) ఉంది, కాలేయం, ప్లీహం, మూత్రపిండాలు మామూలుగా ఉన్నాయి. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడిలోనైనా, గుణుపురంలోనైనా, రాయగడలోనైనా, జయపురంలోనైనా ఈ వాక్యం అందుకున్న తల్లిదండ్రులు రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు ‘మామూలుగా ఉన్నాయి’ అన్న మాట పట్టుకుని, ఊపిరి పీల్చుకుని బిడ్డను ఇంటికి తీసుకెళతారు. కొందరు ‘ఫ్లూయిడ్’ అన్న మాటకు బెదిరి, అప్పు చేసి, కారు మాట్లాడుకుని, రాత్రికి రాత్రే బరంపురమో శ్రీకాకుళమో విశాఖపట్నమో బయలుదేరతారు. ఇద్దరిదీ తొందరపాటే. ఆ వాక్యం ప్రశ్న వేసిందే తప్ప జవాబు చెప్పలేదు. పొట్టలో కనిపించిన ఆ ద్రవం రక్తమా, మూత్రమా? మూత్రమైతే ఎక్కడి నుంచి కారుతోంది?

ఆ జవాబు రాబట్టడానికి ఇంకా పెద్ద యంత్రం కావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలాసార్లు కావలసింది మూత్రాశయాన్ని, అంటే మూత్రం నిల్వ ఉండే సంచిని, సరిగా నింపి చూడటం. ఈ చిన్న పని జరగకపోతే సీటీ స్కాన్ కూడా పొరపడుతుంది. జరిగితే జిల్లా ఆసుపత్రిలోని మామూలు యంత్రాలే చాలా విషయం చెబుతాయి.

పిల్లల మూత్రాశయం ఎక్కడ ఉంటుంది

పెద్దవాళ్ల మూత్రాశయం పొత్తికడుపు అడుగున, ముందువైపు కటి ఎముక వెనక ఒదిగి ఉంటుంది. బాగా నిండితే తప్ప పైకి రాదు. అందుకే పెద్దల్లో మూత్రాశయం చిట్లిందంటే చాలావరకు కటి ఎముక కూడా విరిగి ఉంటుంది. చిన్నపిల్లల సంగతి వేరు. వాళ్లకు కటి ఎముకల మధ్య చోటు ఇరుకు కాబట్టి మూత్రాశయం పొట్టలోనే ఉంటుంది. సుమారు ఆరేళ్ల వయసు నుంచి అది కిందికి దిగుతూ, యౌవనం వచ్చేనాటికి పెద్దల్లో ఉండే చోటికి చేరుతుంది. అప్పటిదాకా దాని ముందున్న అడ్డు పలుచని పొట్ట గోడ ఒక్కటే. ఎముక ఒక్కటీ విరగకుండా మూత్రాశయం మాత్రమే చిట్లడం పిల్లల్లో సాధ్యమయ్యేది ఇందువల్లే.

దెబ్బ తగిలిన క్షణంలో మూత్రాశయం నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అన్నదాన్ని బట్టి చాలా మారిపోతుంది. నీళ్ల ప్యాకెట్ నిండుగా ఉన్నప్పుడు దాని మీద కాలు పడితే పగిలిపోతుంది. సగం ఖాళీ అయినదాన్ని తొక్కితే పక్కకు జారుతుంది. మూత్రాశయం విషయంలోనూ ఇదే సూత్రం. మన ప్రాంతంలో పిల్లలు ఒంటికి వెళ్లకుండా బిగపట్టుకుని గంటలకొద్దీ కూర్చునేది ప్రయాణాల్లోనే. ఘాట్ రోడ్డు మీద కిక్కిరిసిన జీపులో బండి ఆపమని అడగడానికి పిల్లలు సిగ్గుపడతారు. మోటార్ సైకిల్ మీద తండ్రి ముందు, పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్న పిల్లవాడికి ప్రమాదం జరిగితే హ్యాండిల్ నేరుగా తగిలేది పొత్తికడుపుకే. ఇంకో రకం గాయం కూడా ఉంది: జీడిచెట్టు మీద నుంచో చింతచెట్టు మీద నుంచో పడేటప్పుడు కింద నరికి వదిలేసిన మోడు తొడల సందులో గుచ్చుకోవడం, లేదా ఎద్దు కొమ్ము దిగడం. పైకి చిన్న గాటులా కనిపించే ఈ గాయాలు లోపల మూత్రాశయం దాకా వెళ్లి ఉండవచ్చు. వీటిని కుట్లు వేసి పంపేయడం ప్రమాదకరం.

మూత్రాశయం నెత్తి భాగం అన్నిటికంటే బలహీనమైనది. దాని పైన పొట్ట లోపలి అవయవాలను కప్పి ఉంచే ఉదరపొర ఉంటుంది. నెత్తి చిట్లితే మూత్రం ఆ పొర లోపలికి, అంటే పేగులు ఉండే ఖాళీలోకి పోతుంది. చిన్నపిల్లల్లో ఈ రకం చిట్లడం పెద్దల్లోకంటే ఎక్కువ. పక్కగోడ గానీ కింది భాగం గానీ చిరిగితే మూత్రం పొర బయట, ఎముకల చుట్టూ ఉన్న కణజాలంలో చేరుతుంది. ఎముక విరిగినప్పుడు ఎక్కువగా జరిగేది ఇది. పిల్లల్లో ఆ చిరుగు మూత్రాశయం మెడ (మూత్రం బయటికి వెళ్లే చోటు) దాకా పాకే అవకాశం ఎక్కువ, దాన్ని వదిలేస్తే తర్వాత మూత్రం ఆపుకోలేని పరిస్థితి వస్తుంది. గోడ కమిలి ఊరుకునే గాయాలూ ఉంటాయి, అవి వాటంతట అవే మానతాయి. ఏ రకమో తెలియాలి, ఎందుకంటే ఒకదానికి ఆపరేషన్ కావాలి, ఇంకోదానికి మూత్రం బయటికి పోయేందుకు గొట్టం (క్యాథెటర్) వేసి ఉంచితే చాలు.

నలుపులో ఏముంది

అల్ట్రాసౌండ్ యంత్రం చర్మం మీద పెట్టిన ప్రోబ్ నుంచి మనకు వినిపించని శబ్దతరంగాలను లోపలికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులతో బొమ్మ కడుతుంది. మెత్తని కణజాలంలో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుందని యంత్రం లెక్క వేసుకుంటుంది. పలుచని పొట్ట ఉన్న పిల్లల్లో ఎక్కువ పౌనఃపున్యం ఉన్న ప్రోబ్ వాడవచ్చు కాబట్టి బొమ్మ పెద్దవాళ్లలోకంటే స్పష్టంగా వస్తుంది. కిరణాలు లేవు, మత్తు అక్కర లేదు, తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని కూడా చేయవచ్చు. పిల్లల గాయాల్లో మొదటి పరీక్షగా దీన్ని ఎంచుకోవడం సరైన పనే.

ద్రవం నుంచి ప్రతిధ్వని రాదు, అందుకే తెర మీద నల్లగా కనిపిస్తుంది. మూత్రం నల్లగా కనిపిస్తుంది. అప్పుడే కారిన రక్తం కూడా నల్లగానే కనిపిస్తుంది. గడ్డకట్టిన రక్తమైతే బూడిద రంగు వస్తుంది, అదీ కొన్ని గంటల తర్వాత. కాబట్టి ప్రమాదం జరిగిన గంటలోపు తీసిన స్కానింగ్‌లో కటి భాగంలో నల్లని చార కనిపించిందంటే అది ప్లీహం నుంచి దిగిన రక్తమో, చిట్లిన మూత్రాశయం నుంచి వచ్చిన మూత్రమో రంగును బట్టి తేల్చలేం. పైగా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో, ముఖ్యంగా ఎదిగే వయసు ఆడపిల్లల్లో, అక్కడ కొద్దిపాటి ద్రవం మామూలుగానే ఉండవచ్చు.

ప్రమాద వార్డుల్లో చేసే త్వరిత స్కానింగ్‌ను ఫాస్ట్ అంటారు. కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య, ప్లీహానికీ ఎడమ మూత్రపిండానికీ మధ్య, కటి భాగంలో, గుండె చుట్టూ, మొత్తం నాలుగు చోట్ల ద్రవం ఉందా లేదా అని చూసి వదిలేస్తారు. రెండు మూడు నిమిషాల పని. ప్రాణాపాయంలో ఉన్న మనిషిని వెంటనే ఆపరేషన్ గదికి తీసుకెళ్లాలా అన్న నిర్ణయానికి అది పుట్టింది. పిల్లల్లో దాని బలం తక్కువ. 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ఒకటి, పొట్టకూ ఛాతీకీ దెబ్బలు తగిలి స్థిరంగా ఉన్న 925 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఫాస్ట్ చేసి, ఇంకో జట్టుకు చేయకుండా చూసింది. ఫాస్ట్ చేసినందువల్ల సీటీ స్కాన్ల సంఖ్య చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. దీన్ని బట్టి స్కానింగ్ పనికిరాదని అర్థం చేసుకోకూడదు. నాలుగు చోట్ల చూసి వదిలేసే స్కానింగ్‌ను మూత్రాశయ పరీక్షగా లెక్కించకూడదని అర్థం. మన ఊళ్లలో ఈ రెండూ ఒకటే అన్నట్టు చెలామణి అవుతున్నాయి. దాని వల్ల పిల్లలకు నష్టం జరుగుతోందని గట్టిగా చెప్పదలచుకున్నాను.

మూత్రాశయం మీదే దృష్టి పెట్టి చూసే డాక్టరు ఇంకా చాలా గమనిస్తారు. గోడ మందం నిండుగా ఉన్నప్పుడు 3 మిల్లీమీటర్లు, ఖాళీగా ఉన్నప్పుడు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఒక పక్క మాత్రమే ఉబ్బితే అక్కడ కమిలి ఉండవచ్చు. లోపల రక్తపు గడ్డ ఉంటే పిల్లవాణ్ని పక్కకు తిప్పినప్పుడు అది కదులుతుంది. మూత్రాశయం చుట్టూ మరో నల్లని వలయం, మధ్యలో గోడ స్పష్టంగా కనిపిస్తే ద్రవం పొర బయట చేరిందనుకోవచ్చు. గోడలోని చిరుగు మాత్రం నేరుగా కనిపించడం అరుదు. మూత్రాశయం ఖాళీ కాగానే చిరిగిన అంచులు ముడుచుకుని ఒకదాన్ని ఒకటి ఆనుకుంటాయి. కొవ్వు పొరో పేగో వచ్చి రంధ్రాన్ని మూసేస్తుంది.

ఒక చిన్న లెక్క

యంత్రం కంటే ముందు వేయవలసిన లెక్క ఒకటుంది. దానికి కాగితం, పెన్ను చాలు. ఆరోగ్యంగా ఉండి, ఒంట్లో నీరు తగ్గని పిల్లల్లో కిలో బరువుకు గంటకు సుమారు 1 మిల్లీలీటరు మూత్రం తయారవుతుంది. ఆరేళ్ల పిల్లవాడు, 20 కిలోల బరువు అనుకుందాం. మధ్యాహ్నం పడ్డాడు, రాత్రి ఏడు గంటలకు స్కానింగ్ చేశారు. ఏడు గంటలుగా ఒంటికి వెళ్లలేదు, సెలైన్ ఎక్కుతోంది. మూత్రాశయంలో దాదాపు 140 మిల్లీలీటర్లు ఉండాలి. స్కానింగ్‌లో పొడవు, వెడల్పు, లోతు కొలిచి మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 0.52తో గుణిస్తే లోపల ఎంత ఉందో తెలుస్తుంది. ఆ లెక్క 15 మిల్లీలీటర్లే అని తేలి, పక్కన పొట్టలో ద్రవం కనిపిస్తే, మిగతా మూత్రం ఎక్కడికి పోయింది అన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఆ పిల్లవాణ్ని ఇంటికి పంపకూడదు. రక్తం బాగా పోయి షాక్‌లో ఉన్న పిల్లల్లో మూత్రం తయారవడమే తగ్గిపోతుంది, ఆ సంగతి డాక్టరు కలుపుకుని చూస్తారు. అయినా ఈ లెక్క వేసిన రిపోర్టుకూ, వేయని రిపోర్టుకూ చాలా తేడా ఉంది.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. ప్రమాదంలో వచ్చిన పిల్లలకు వెంటనే మూత్రానికి గొట్టం వేసి, మూత్రాశయం ఖాళీ చేసేసి, ఆ తర్వాత స్కానింగ్ గదికి పంపుతారు. నిండిన మూత్రాశయం వెనక ఉన్నదాన్ని చూడటానికి శబ్దానికి దారి ఇస్తుంది. ఖాళీ చేసేస్తే ఆ దారి మూసుకుపోతుంది, వెనక ఉన్న కొద్దిపాటి ద్రవం పేగుల గాలి మాటున కనిపించకుండా పోతుంది. వీలైతే గొట్టం వేయకముందే ఒకసారి చూడాలి. అప్పటికే వేసి ఉంటే దాని ద్వారానే తిరిగి నింపి చూడాలి.

నింపి చూడటం

పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో అంచనా కట్టడానికి సులువైన సూత్రం ఉంది: వయసుకు ఒకటి కలిపి 30తో గుణించాలి. ఆరేళ్ల పిల్లవాడికి 210 మిల్లీలీటర్లు. పన్నెండేళ్లకు 390. ఏడాది లోపు పసివాళ్లకు ఇది వర్తించదు.

ముందు పొట్టలో అన్ని మూలలా ద్రవం ఎంత ఉందో చూసి కొలుస్తారు. తర్వాత గొట్టానికి స్టెరైల్ సెలైన్ సీసా తగిలించి, సీసాను ఎత్తులో వేలాడదీసి, సెలైన్ దాని బరువుకు అదే దిగేలా వదులుతారు. పిచికారీతో తోయరు. సెలైన్ గోరువెచ్చగా ఉంటే పిల్లవాడు బెదరడు. ప్రోబ్ పొత్తికడుపు మీదే ఉంటుంది. మంచి మూత్రాశయం కళ్ల ముందే గుండ్రంగా ఉబ్బుతూ వస్తుంది, గోడ పలచబడుతుంది, చుట్టుపక్కల ఏమీ మారదు. చిట్లినదైతే 50, 100 మిల్లీలీటర్లు దిగినా ఉబ్బదు. దాని వెనక, పేగుల మధ్య, కాలేయం కింద నలుపు పెరుగుతూ పోతుంది. కలర్ డాప్లర్ (ద్రవం కదలికను రంగుల్లో చూపే పద్ధతి) పెడితే చిరుగు గుండా బయటికి చిమ్మే ధార రంగులో కనిపించవచ్చు. మూత్రపిండాల నుంచి వచ్చే నాళాలు కూడా మూత్రాశయం అడుగు నుంచి లోపలికి ఇలాగే చిమ్ముతుంటాయి. అది సహజం. చూసేవారు ధార ఏ దిక్కుకు పోతోందో గమనించాలి.

సెలైన్‌ను రెండు పిచికారీల మధ్య అటూ ఇటూ తోసి చిన్న గాలిబుడగలు కలిపితే, అవి తెర మీద తెల్లగా మెరుస్తాయి. ఆ మెరుపు మూత్రాశయం బయట కనిపించిందంటే సందేహం అక్కర లేదు. దీనికే ప్రత్యేకంగా తయారుచేసిన మందు కూడా ఉంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు నింపిన సూక్ష్మబుడగలవి, ఎర్రరక్తకణం కంటే చిన్నవి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో దీన్ని పిల్లల్లో మూత్రం వెనక్కి మూత్రపిండాల వైపు ఎక్కుతోందా అని చూడటానికి అనుమతించింది. మూత్రాశయ గాయాలకు వాడటం ఆ అనుమతిలో భాగం కాదు గానీ, పిల్లల రేడియాలజీలో అనుభవం ఉన్న కేంద్రాలు అలా వాడి మంచి ఫలితాలు చూశాయి. మన సరిహద్దు పట్టణాల స్కానింగ్ గదులు ఆ మందు కోసం ఎదురుచూడనవసరం లేదు. సెలైన్ సీసా ప్రతి వార్డులో ఉంటుంది.

పరీక్ష సగంలో ఆపకూడదు. తక్కువ నింపితే రంధ్రాన్ని మూసిన రక్తపు గడ్డ కదలదు, అంతా బాగుందన్న తప్పుడు ధైర్యం వస్తుంది. పిల్లవాడు ఏడుస్తున్నాడని 60 మిల్లీలీటర్లకే ఆపేసి ‘నార్మల్’ అని రాయడం కంటే, ఎంత నింపామో ఆ అంకె రాయడం నిజాయితీ. ఆ అంకె చూసిన తర్వాతి డాక్టరుకు ఆ ‘నార్మల్’ విలువ ఎంతో తెలుస్తుంది.

సీటీ స్కాన్ గురించి చెప్పవలసింది కూడా ఇక్కడే. రక్తనాళంలోకి మందు ఎక్కించి, గొట్టం మూసి, మూత్రాశయం దానంతట అది నిండేదాకా ఆగి తీసే సీటీని మూత్రాశయ గాయం విషయంలో నమ్మకూడదని వైద్య మార్గదర్శకాలు స్పష్టంగానే చెబుతాయి. గొట్టం ద్వారా రంగుమందు (ఎక్స్‌రేలో, సీటీలో స్పష్టంగా కనిపించే కాంట్రాస్ట్ మందు) నింపి తీసిన సీటీయే లెక్క. దానికి సరిసమానమైన పరీక్ష మామూలు ఎక్స్‌రేతోనూ జరుగుతుంది. గొట్టం గుండా కాంట్రాస్ట్ మందును పూర్తిగా నింపి ఒక చిత్రం, ఖాళీ చేశాక ఇంకో చిత్రం. రెండోది మరవకూడదు, ఎందుకంటే నిండిన సంచి వెనక దాగిన చిన్న కారుడు ఖాళీ అయ్యాకే బయటపడుతుంది. దీన్ని సిస్టోగ్రామ్ అంటారు. మూత్రంలో కంటికి కనిపించే రక్తమూ, కటి ఎముక విరగడమూ రెండూ ఉన్నవాళ్లకు ఈ పరీక్ష తప్పనిసరి. అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు చెప్పే లెక్క ప్రకారం ఆ రెండూ కలిసి ఉన్నవారిలో సుమారు 29 శాతం మందికి మూత్రాశయం చిట్లి ఉంటుంది. ఆ లెక్క ప్రధానంగా పెద్దలది. పిల్లల్లో ఎముక విరగకపోయినా అనుమానించాలి కాబట్టి మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

అంటే వరుస ఇలా ఉంటుంది: ముందు స్కానింగ్, అనుమానం ఉంటే నింపి స్కానింగ్, తేల్చడానికి నింపి ఎక్స్‌రే లేదా నింపి సీటీ. ప్లీహం, కాలేయం, పేగుల గాయాల కోసం సీటీ అవసరమైన పిల్లలు ఉంటారు, వాళ్లకు ఆలస్యం చేయకూడదు. కానీ మూత్రాశయం ఒక్కదాని కోసం సీటీ వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు పోవడం అనవసరం. పొట్ట సీటీలో పిల్లవాడికి అందే కిరణాల మోతాదు ప్రకృతి నుంచి ఏడాది పొడవునా అందేదానికంటే ఎక్కువ.

గొట్టం వేయకూడని సందర్భం

మూత్రం వచ్చే ద్వారం దగ్గర రక్తపు బొట్టు కనిపిస్తే, తొడల మధ్య నల్లగా కమిలి ఉబ్బితే, కింది మూత్రమార్గం తెగి ఉండవచ్చు. అప్పుడు గుడ్డిగా గొట్టం తోస్తే సగం తెగినది పూర్తిగా తెగుతుంది. ముందు ఆ మార్గాన్ని రంగుమందుతో ఎక్స్‌రే తీసి చూడాలి. మగపిల్లల్లో ఇది మరీ ముఖ్యం.

గొట్టంలోంచి మూత్రం బాగానే వస్తోంది కదా అని నిశ్చింత పడటమూ తప్పే. గొట్టం కొస చిరుగు గుండా బయటికి పోయి, పొట్టలో చేరిన మూత్రాన్నే తోడుతూ ఉండవచ్చు. స్కానింగ్‌లో గొట్టం కొసన ఉండే బెలూన్ చుట్టూ మూత్రాశయం గోడ కనిపిస్తోందో లేదో ఒక్క క్షణం చూస్తే ఇది తెలిసిపోతుంది.

రెండో రోజు, మూడో రోజు

మూత్రంలో సాధారణంగా క్రిములు ఉండవు. అందుకే పొట్టలోకి కారినా మొదటి రోజు పెద్దగా నొప్పి పెట్టదు. పిల్లవాడు లేచి కూర్చుంటాడు, ఆడుకుంటాడు కూడా. మర్నాడు పొట్ట ఉబ్బుతుంది, వాంతులు మొదలవుతాయి, ఒంటికి వెళ్లాలని కూర్చున్నా రెండు చుక్కలు రావు, లేదా ఎర్రగా వస్తుంది. ఉదరపొర ఆ మూత్రాన్ని తిరిగి రక్తంలోకి పీల్చుకుంటుంది. మూత్రంలో బయటికి పోవలసిన వ్యర్థాలైన యూరియా, క్రియాటినిన్, వాటితోపాటు పొటాషియం పెరుగుతాయి, సోడియం తగ్గుతుంది. రక్తపరీక్ష చూసినవాళ్లు కిడ్నీలు దెబ్బతిన్నాయంటారు, డయాలసిస్ మాట వస్తుంది. మూత్రపిండాలు మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంటాయి. పొట్టలోని ద్రవాన్ని స్కానింగ్ చూస్తూ సూదితో కొద్దిగా తీసి, దాని క్రియాటినిన్‌ను రక్తంలోని క్రియాటినిన్‌తో పోల్చితే చాలు. ద్రవంలో బాగా ఎక్కువ ఉంటే అది మూత్రమే. ఏ జిల్లా ప్రయోగశాలైనా చేయగల పరీక్ష ఇది. ‘కిడ్నీ ఫెయిల్యూర్’ అన్న మాటతో కుటుంబం కుప్పకూలే ముందు, ఈ మధ్య పొట్టకు ఏమైనా దెబ్బ తగిలిందా అని ఎవరో ఒకరు అడగాలి.

అందుకే ఒక్క స్కానింగ్‌తో ముగించకూడదు. ఆరేడు గంటల తర్వాత, మర్నాడు ఉదయం మళ్లీ చూడాలి. ద్రవం పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. కిరణాలు లేని పరీక్ష కాబట్టి ఎన్నిసార్లు చూసినా పిల్లవాడికి నష్టం లేదు.

స్కానింగ్ యంత్రాలనే ఊరూరా తిప్పితే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. మన దేశంలో అల్ట్రాసౌండ్ యంత్రం 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద, ఫలానా యంత్రం ఫలానా చోట అని నమోదై ఉంటుంది. చేతిలో పట్టుకెళ్లే యంత్రాల వాడకానికి 2012లో నిబంధనలు ఇంకా బిగించారు. ఆసుపత్రి ఆవరణలో చేరిన రోగులకు, లేదా నమోదైన సంచార వైద్య వాహనాల్లో మాత్రమే వాటిని వాడనిస్తారు. ఆడపిల్లల ప్రాణాలు కాపాడటానికి తెచ్చిన ఆ చట్టాన్ని నేను మనసారా సమర్థిస్తాను. స్కానింగ్ గది గోడ మీద ‘లింగ నిర్ధారణ చేయబడదు’ అన్న బోర్డు ఉండవలసిందే. ఆ చట్టం వల్ల యంత్రం దగ్గరికి పిల్లవాడు వెళ్లాలి తప్ప యంత్రం రాదు. అలాంటప్పుడు వెళ్లిన ఆ ఒక్కసారి పరీక్ష పూర్తిగా జరగాలని కోరుకోవడంలో తప్పేముంది?

సరిహద్దు దాటేటప్పుడు

ఉదరపొర లోపలికి చిట్లినదాన్ని ఆపరేషన్ చేసి కుట్టాలి. మూత్రాశయం మెడ చిరిగినా, ఎముక ముక్క గుచ్చుకున్నా అంతే. పొర బయట కారే మామూలు చిరుగు గొట్టం వేసి ఉంచితే రెండు వారాల్లోపు, ఒక్కోసారి మరికొన్ని రోజుల్లో, మానిపోతుంది. ఆపరేషన్ అవసరమైన పిల్లలకు పిల్లల సర్జన్ కావాలి, అంటే ప్రయాణం తప్పదు. గజపతి, గంజాం వైపువాళ్లకు 1962లో మొదలైన బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల, కొరాపుట్ వైపువాళ్లకు 2017లో వచ్చిన శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉన్నాయి. తెలుగువాళ్లలో చాలామంది మాట, మనుషులు, బంధువులు చూసుకుని విశాఖ కేజీహెచ్ వైపే మొగ్గుతారు. మల్కనగిరి జిల్లా మోటు పరిసరాలవాళ్లు చింతూరు మీదుగా భద్రాచలం చేరతారు. ఎటు వెళ్లినా గొట్టం సరిగా పడి, మూత్రం బయటికి కారుతూ ఉన్న పిల్లవాడు దారిలో క్షేమంగా ఉంటాడు. గొట్టం మెలిపడకుండా, గొట్టానికి తగిలించిన మూత్రపు సంచి పిల్లవాడి ఒంటి కంటే కిందుగా ఉండేలా చూసుకోవాలి.

భాష మారినప్పుడు, ఆసుపత్రి మారినప్పుడు కాగితంలో లేని సంగతులు దారిలోనే పోతాయి. ఒడియాలో మాట్లాడే నర్సుకు తెలుగులో చెప్పింది, రెండో ఊళ్లో ఇంకెవరికో మళ్లీ చెప్పవలసి వస్తుంది, అప్పటికి తల్లి అలసిపోయి సగం మరిచిపోతుంది. అందుకని ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి దగ్గర పెట్టుకోవాలి. దెబ్బ ఎప్పుడు తగిలింది, అంతకు ముందు చివరిసారి ఎప్పుడు ఒంటికి వెళ్లాడు, తర్వాత వెళ్లాడా, వెళితే రంగు ఏమిటి. గిన్నెలో పట్టిన మూత్రాన్ని ఫోనులో ఫొటో తీస్తే ఇంకా మంచిది. రంగు గురించి ఏ భాషలో చెప్పే మాటకంటే ఆ ఫొటో నమ్మదగినది. డాక్టరు దగ్గర అడిగి రాయించుకోవలసినవి: స్కానింగ్ ఏ సమయానికి చేశారు, అప్పుడు మూత్రాశయంలో ఎన్ని మిల్లీలీటర్లు ఉంది, నింపి చూశారా, ఎంత నింపారు. అడిగితే విసుక్కునే డాక్టర్లు ఉంటారు. అయినా అడగాలి. ‘డాక్టరు గారూ, సంచి నింపి చూశారా?’ అన్న ప్రశ్నలో అమర్యాద ఏమీ లేదు.

మూత్రంలో రక్తం కనిపించినా, దెబ్బ తగిలాక ఆరు గంటలు దాటినా ఒంటికి వెళ్లకపోయినా, పొట్ట ఉబ్బుతున్నా, రిపోర్టులో ‘నార్మల్’ అని ఉన్నా సరే, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలి.

గొట్టం తీసే రోజు చాలామంది తొందరపడతారు. ఇంటి దగ్గర పని ఆగిపోయి ఉంటుంది, పిల్లవాడు గొట్టంతో విసిగిపోయి ఉంటాడు. దగ్గర్లో ఎవరితోనైనా తీయించేద్దామనిపిస్తుంది. తీయడానికి ముందు మరోసారి రంగుమందు నింపి ఎక్స్‌రే తీసి, ఎక్కడా కారడం లేదని చూడాలి. ఆపరేషన్ చేసిన సర్జన్ ఫోనులో చెబితే, ఎక్స్‌రే యంత్రం, కాంట్రాస్ట్ మందు ఉన్న జిల్లా ఆసుపత్రిలోనే ఈ పరీక్ష జరిగిపోతుంది. గొట్టం తీశాక పిల్లవాడు తనంతట తాను ఒంటికి వెళ్లేదాకా ఆగి, ఆ తర్వాత లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో కొలిచి, అది రాసిన కాగితం చేతికి తీసుకున్నాకే బయలుదేరాలి.